విశేషణం లేని సన్మానపత్రం

నేను ఒక సన్మానపత్రాన్ని. మావాళ్లను మీరు చూసే ఉంటారు. పంచాయతీ ఆఫీసులోనో, రిటైరైన హెడ్మాస్టరు గారి వరండాలోనో, గడియారానికీ క్యాలెండరుకీ మధ్య వేలాడుతుంటాం. చుట్టూ బంగారు రంగు తీగ, లోపల వంకీలు తిరిగిన అక్షరాలు. మమ్మల్ని రాసేవారున్నారు, అచ్చు వేసేవారున్నారు, ఇంటికి తీసుకెళ్లి మేకు కొట్టేవారున్నారు. వినేవారే తక్కువ. మమ్మల్ని చదవడం మొదలుపెట్టగానే భోజనాల వాసన ఎటునుంచి వస్తోందా అని జనం మెడలు తిప్పుతారు.

మా జాతిలో నాదొక వింత పుట్టుక. నాలో ఒక్క విశేషణం కూడా లేదు. కరుణాసముద్రుడు లేడు, కర్తవ్యదీక్షాపరుడు లేడు. వాళ్లు లేకపోబట్టే ఇద్దరు మనుషులకు తొమ్మిదేళ్లు మాటలు లేకుండా పోయాయి.

నన్ను అందుకున్న మనిషి షేక్ కాలేషా. కాలువ మీద లస్కరు. లస్కరంటే తూముల తలుపులు ఎత్తి దించే మనిషి. చేతిలో తాళాల గుత్తి, సైకిలు హ్యాండిలుకి ఇనుప పిడి, అంతే ఆయన సరంజామా. అంకెలు గుర్తుపట్టేవాడు కాబట్టి కొలత రాయి మీద నీటిమట్టం చూసి చెప్పగలడు. అక్షరాలు రావు. మా కాలువ సముద్రానికి నాలుగు మైళ్ల దూరంలో అయిపోతుంది. పై ఊళ్లు తాగగా మిగిలిన నీళ్లే చివరి భూములకు. ఆ మిగిలినవి పంచుకోవడానికి వంతులు. వంతుల దగ్గర తలలు పగలడం కాలేషా రాకముందు ఏటా మామూలే. ఆయన వచ్చాక తగ్గింది. ఆయన ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఎవరి వంతు వాళ్లకిచ్చాడు.

నన్ను రాసిన మనిషి గోవాడ పూర్ణయ్య. ఆఖరి తూము కింద రైతు. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివాడు. మధ్యాహ్నం కాలేషా ఆఖరి తూము దాకా వచ్చి, తూముగోడ మీద కూర్చుని సద్దిమూట విప్పేవాడు. పూర్ణయ్య పక్కన వచ్చి కూర్చునేవాడు. ఇద్దరూ కాలువ వైపు చూసేవారు. గంట గడిచేసరికి ఇద్దరి నోటి నుంచీ కలిపి పది మాటలు వస్తే ఎక్కువ. అదే వాళ్ల స్నేహం.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పూర్ణయ్య చేను పొట్టకొచ్చి ఉంది, నేల నెర్రెలిచ్చింది. ఆయన జన్మలో మొదటిసారి అడిగాడు. "ఒక్క పూట వదులు, కాలేషా." కాలేషా తల ఊపాడు, అడ్డంగా. "వంతు సూరమ్మది" అన్నాడు. సూరమ్మ భర్త పోయిన మనిషి, అరెకరం చేను. నీళ్లు అటు పోయాయి. పూర్ణయ్య చేను సగానికి సగం తాలు పోయింది. మర్నాడు మధ్యాహ్నం పూర్ణయ్య ఎప్పటిలాగే వచ్చి తూముగోడ మీద కూర్చున్నాడు. ఆ సంగతి ఎత్తలేదు. తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

ఎత్తకపోవడమే కాలేషా గుండెల్లో ముల్లయింది. తిట్టి ఉంటే తేలిపోయేది. ఏనాటికో ఒకనాటికి ఆ మాట వస్తుందని ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు.

కాలేషా రిటైరవుతున్నాడని తెలిసి నీటి సంఘంవాళ్లు సన్మానం పెట్టారు. మామూలుగా ఇలాంటివన్నీ తెలుగు మాస్టారు రాస్తారు. ఆయన కూతురి పురిటికి పొరుగూరు వెళ్లారు. "ఎవరు రాస్తారయ్యా" అని సంఘంవాళ్లు గింజుకుంటుంటే వెనకనుంచి పూర్ణయ్య "నేను రాస్తా" అన్నాడు. ఆయన సభలో నోరు విప్పడం అదే మొదలు కాబట్టి కాదనడానికి ఎవరికీ తోచలేదు.

నాలుగు రోజులు రాశాడు. రాసినదానికంటే కొట్టేసింది ఎక్కువ. ఆ కాగితం జేబులో పెట్టుకుని టౌనులో ప్రెస్సుకి వెళ్లాడు. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు అది చదివి, వెనక్కి తిప్పి చూశాడు, ఇంకేమైనా ఉందేమోనని.

"బాబాయ్, ఇందులో సన్మానం ఏదీ?"

"ఉంది."

"చానా ఖాళీ మిగిలింది బాబాయ్. మా దగ్గర రెడీగా ఉంటాయి, ఓ నాలుగు లైన్లు ఎక్కిస్తా. దానికేం తీసుకోను."

"వద్దు."

"పోనీ కింద రెండు పావురాలు వెయ్యనా?"

పూర్ణయ్య కాసేపు ఆలోచించాడు. "పావురాలెందుకు?"

"అందరికీ వేస్తాం."

"వద్దు."

ఆ కుర్రాడు అక్షరాలు పెద్దవి చేసి ఖాళీ నింపాడు. ఫ్రేము కొట్టులో అద్దం బిగించారు. అలా పుట్టాను నేను.

సన్మానం కాలువ బంగళా ఆవరణలో, పొద్దున్నే. షామియానా, కుర్చీలు, శాలువా, అన్నీ ఉన్నాయి. నన్ను చదివే బాధ్యత మైకు వెంకటరత్నానిది. ఆయన గొంతు నాలుగు ఊళ్లకు తెలుసు. పెళ్లి విందుకు పిలవడానికైనా, తప్పిపోయిన గేదె ఆనవాళ్లు చెప్పడానికైనా ఆయనకు ఒకటే రాగం. ఎత్తుకోవడం ఆకాశంలో ఎత్తుకుని, మాటమాటకీ ఆగి, చప్పట్లకు చోటు వదిలి, మళ్లీ ఎత్తుకుంటాడు. నన్ను ముందుగా ఒకసారి చూసుకోలేదు. ఎందుకు చూసుకుంటాడు? ఏ సన్మానపత్రమైనా ఆయనకు నోటికి వచ్చినట్టే.

"మీరు... ముప్పై ఒక్క ఏళ్లు... మా కాలువ మీద... పని చేశారు!" అన్నాడు వెంకటరత్నం. ఆగాడు. జనం చప్పట్లు కొట్టాలా వద్దా తెలియక పక్కవాళ్లను చూశారు.

"ఎత్తాల్సిన వేళకు... తూము ఎత్తారు! దించాల్సిన వేళకు... దించారు!"

ఎవరో కిసుక్కుమన్నారు. తూము ఎత్తడం, దించడం అంతెత్తు గొంతుతో వింటే నవ్వు రాక ఏమవుతుంది?

"మీ సైకిలు గట్టు మీద కనపడితే... మా ఆడవాళ్లు నారు కట్టలు విప్పేవారు!"

"ఆహా" అన్నాడు ఒకాయన, సాగదీసి.

"మీరు మాతో... ఎక్కువ మాట్లాడలేదు! మా ఇళ్లలో... కాఫీ తాగలేదు!"

"ఆయన తాగే చోట్లు వేరేలే" అని వెనక వరసలోంచి ఒకరు అందుకున్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. కాలేషా మెళ్లో దండతో, నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆయన భార్య బీబీజాన్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక ఏడు నా చేను ఎండిపోతుంటే అడిగాను. మీరు... నీళ్లు... ఇవ్వలేదు!"

ఈసారి షామియానా ఎగిరిపోయేంత నవ్వు. "పూర్ణయ్య ఇన్నేళ్లు కడుపులో పెట్టుకుని ఇయ్యాల కక్కాడ్రోయ్" అన్నారు ఎవరో. వెంకటరత్నానికి చెమట్లు పట్టాయి. తర్వాత ఉన్న నాలుగు ముక్కలూ గొంతు తగ్గించి, గబగబా, మందు సీసా మీద చీటీ చదివినట్టు చదివి ముగించాడు. ఆ నవ్వుల్లో అవి మొదటి వరసకు కూడా వినపడలేదు.

వెంకటరత్నాన్ని తప్పుపట్టను. కాలువ నీళ్లూ సముద్రపు నీళ్లూ గ్లాసులో పోసి పెడితే ఒకలాగే కనపడతాయి. నోట్లో పోసుకుంటేగాని తేడా తెలియదు. ఆయన నన్ను నోట్లో పోసుకోకుండానే అందరికీ పంచిపెట్టాడు. అందులో కోపం లేదని నాకు తెలుసు. నా మాటలు నాకు తెలియవా? కానీ ఫ్రేములో ఉన్నవాడు నోరు విప్పలేడు.

కాలేషా లేచి నన్ను రెండు చేతులా అందుకున్నాడు. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. భయపడిన మాట రానే వచ్చింది, అదీ నలుగురిలో. ఆయన ఆఖరి వరస వైపు ఒక్కసారి చూశాడు. పూర్ణయ్య కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికి వచ్చాక బీబీజాన్ బంగారు తీగ చూసి "గోడకి పెడదామా" అంది సందేహంగా. కాలేషా నన్ను గోడ వైపు తిప్పి మంచం వెనక నిలబెట్టాడు. మర్నాటి నుంచి ఆయన ఆఖరి తూము వైపు సైకిలు తిప్పలేదు.

వారానికి పూర్ణయ్య వచ్చాడు. చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాడు. గుమ్మంలో బీబీజాన్ చేట పట్టుకుని నిలుచుంది. ఆయన్ని ఆమె ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు, ఆ రోజు అంది.

"నీళ్లియ్యని వాళ్లింటికి ఎందుకొచ్చావన్నా? ఇంకా ఏవన్నా రాయటం మర్చిపోయావా?"

రాసిన మాటను మళ్లీ నోటితో విప్పి చెప్పడం పూర్ణయ్యకు చేతకాదు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మంచం వెనక నుంచి నాకు ఆ చెప్పుల చప్పుడు గేటు దాకా వినపడింది.

ఆ తర్వాత నా బతుకు గురించి ఎక్కువ చెప్పను. మూడేళ్లు మంచం వెనక. ఆపైన బీబీజాన్ నన్ను డాబా మీదకు తీసుకెళ్లి, నా అద్దం మీద గుమ్మడి వడియాలు పెట్టింది. వడియాలకు అద్దం మంచిదని, అంటుకోవని ఇరుగుపొరుగుకు చెప్పింది. పక్కింటావిడ తన భర్తకొచ్చిన సన్మానపత్రం కూడా దింపిందని విన్నాను. కొన్నాళ్లకు ఫ్రేము మూల ఊడింది. అప్పుడు కోళ్ల గూటికి తలుపైపోయాను. పొద్దున్నే కోళ్లు నా అక్షరాలను తల అటూ ఇటూ వంచి చూసేవి. వాటికి నాలో కోపం కనపడలేదు. గింజలూ కనపడలేదు.

తొమ్మిదో ఏట కాలేషా కొడుక్కి పెళ్లయి కోడలు వచ్చింది. పేరు హసీనా. బి.ఎడ్. చదువుతోంది. కాలేజీవాళ్లు ఆమెకు ఒక పాఠం తయారుచేసుకు రమ్మన్నారు. రాసినవాడి గొంతును పిల్లలు ఎలా గుర్తుపట్టాలి, ఎలా చెప్పాలి, అదీ పాఠం. పుస్తకాల్లో ముక్కలు వద్దు, మీ ఊళ్లో దొరికే కాగితం ఏదైనా పట్టుకురండి అన్నారట. పెళ్లిపత్రికలు చూసింది, కరపత్రాలు చూసింది. ఒకరోజు గుడ్ల కోసం గూటి దగ్గర వంగి, నన్ను చూసి అలాగే ఉండిపోయింది.

కడిగింది. చీర చెంగుతో తుడిచింది. వాకిట్లో మామిడి చెక్క స్టూలు మీద నిలబెట్టుకుని పైనుంచి కిందకి రెండుసార్లు చదివింది, పెదవులు కదపకుండా.

"అత్తా, ఇది రాసిందెవరు?"

"మీ మామను నలుగుర్లో అల్లరి చేసినోడు. దాన్ని మళ్లీ అక్కడే పెట్టు తల్లీ, ఆయన చూస్తే అన్నం తినడు."

కాలేషా అప్పటికే చూశాడు. వేపచెట్టు కింద నులక మంచం బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. చేతిలో నులక మాత్రం ఆగింది.

"అల్లరి చేసినట్టు లేదత్తా" అంది హసీనా.

"నువ్వు ఇన్లేదు గదా. మేం ఇన్నాం."

"ఎవరు చదివారు?"

"మైకు ఎంకటరత్నం."

హసీనా నవ్వింది. ఆమె పెళ్లికి కూడా ఆయనే మైకు. ఆయన రాగంలోనే నా మొదటి నాలుగు వాక్యాలూ చదివింది. బీబీజాన్ చేతిలో పని ఆపి "అచ్చం అట్టాగే" అంది. తర్వాత అవే వాక్యాలు కోపంగా, పళ్లు బిగించి చదివింది. మూడోసారి ఏ గొంతూ పెట్టుకోకుండా, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు చదివింది.

"చూడత్తా. కోపంగా చదువుతుంటే సైకిలు దగ్గర గొంతు నిలవడం లేదు. మీ సైకిలు కనపడితే మా ఆడవాళ్లు నారు కట్టలు విప్పేవారు అని రాశాడు. నీళ్లొస్తాయన్న ధీమాతో విప్పిన ఆ నారు కట్టలు కక్ష ఉన్నవాడికి గుర్తుండవు. కోపంతో రాసేవాడు తనకు జరిగిందే రాసుకుంటాడు, ఊళ్లో ఆడవాళ్ల సంగతి రాయడు."

"మరి నీళ్లియ్యలేదని రాశాడుగా?"

"రాశాడు. ఆ వెంటనే సూరమ్మ ఉంది కదా."

మంచం కిర్రుమంది. కాలేషా లేచి నిలబడ్డాడు.

"సూరమ్మ పేరుందా అందులో?"

హసీనా మామగారి వైపు తిరిగింది. తను కోడలిగా వచ్చాక ఆయన తనతో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

"ఉంది మామా. 'మీరు నీళ్లు ఇవ్వలేదు. ఆ రోజు వంతు సూరమ్మది. ఆమె చేను తడిసింది.' ఇదిగో, ఇక్కడ."

ఆయన దగ్గరకు వచ్చాడు. చదవలేని ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇదా సూరమ్మ?"

"కాదు, దాని పక్కది."

వేలు జరిపి అక్కడే ఉంచాడు. ఆ వేలి బరువు నాకు అద్దంలోంచి తెలిసింది.

"ఫిర్యాదు చేసేవాడు అవతలివాళ్లకు ఎందుకిచ్చారో చెప్పడు మామా. ఈయన మీ తరఫున సాక్ష్యం చెబుతున్నాడు. తన చేను ఎండిపోయిందని చెప్పి మరీ చెబుతున్నాడు. ఇంకా రెండు ముక్కలున్నాయి, చదవనా?"

"వొద్దు" అన్నాడు కాలేషా.

"మా పుస్తకంలో గొంతులకు పేర్లున్నాయి. వెటకారం, కోపం, గౌరవం, జాలి, ఇట్లా. గౌరవం అని రాసుకుందామంటే చాలడం లేదు. మీకు ఆయన తెలుసు గదా, ఇది ఏం గొంతంటారు?"

కాలేషా సైకిలు తీసి, నన్ను క్యారేజీ మీద పెట్టి, పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. బీబీజాన్ కొంగుతో నా అద్దం మీద మిగిలిన మరక ఒకటి తుడిచింది.

తొమ్మిదేళ్ల తర్వాత గట్టు దారి. కాలేషా ఎక్కడా ఆగలేదు. ఆఖరి తూము దగ్గర పూర్ణయ్య మోకాళ్ల లోతు బురదలో ఉన్నాడు. చేల మధ్య గెనిమ చెక్కుతున్న పార, సైకిలు చప్పుడుకి గాల్లో ఆగింది. జుట్టంతా తెల్లబడిపోయింది ఆయనకు.

కాలేషా ట్యూబు విప్పి నన్ను తూముగోడ మీద పెట్టాడు.

"సదువు."

పూర్ణయ్య నన్ను గుర్తుపట్టాడు. "నీకు తెలుసుగా ఏముందో."

"నేనిన్నది ఎంకటరత్నాన్ని. నిన్ను ఇనలా."

"కళ్లజోడు ఇంటికాడుంది."

"రాసింది నువ్వేగా. కళ్లజోడెందుకు?"

పూర్ణయ్య కాలువలో చేతులు కడుక్కుని, పంచెకు తుడుచుకుని వచ్చాడు. గోడ మీద నాకు అటువైపు కాలేషా, ఇటువైపు పూర్ణయ్య. ఆయన మొదలుపెట్టాడు. నన్ను నా గొంతుతో ఎవరైనా చదవడం అదే మొదటిసారి. నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన కూర్చుని మాట్లాడుకునే గొంతు అది. ఎక్కడా ఎత్తలేదు, ఎక్కడా దించలేదు. మీరు నీళ్లు ఇవ్వలేదు అన్నచోట ఆగలేదు కూడా. అదే ఊపిరిలో ఆ రోజు వంతు సూరమ్మది, ఆమె చేను తడిసింది అని వెళ్లిపోయాడు. వెంకటరత్నం ఆగిన చోట ఈయన ఆగలేదు, అంతే తేడా. తొమ్మిదేళ్లు ఆ ఒక్క చోటే పోయాయి.

చివరి రెండు ముక్కలూ చదివేటప్పుడు మాత్రం ఆయన కాలువ వైపు తిరిగాడు.

"'ఆ తర్వాత మేమెవరమూ నీళ్ల కోసం గట్టు మీద కాపలా పడుకోలేదు. ఇళ్లలో పడుకున్నాం. మీరు వెళ్లిపోతున్నారు. రేపటి నుంచి ఎట్లాగో తెలియదు.'"

తూము పక్కన ఒక కొంగ వచ్చి వాలింది. లేచిపోయింది. కాలేషా అడిగాడు.

"ఇప్పుడు పడుకుంటన్నారా, గట్టు మీద?"

"ఊఁ."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు దిగిన కాడ్నుంచి."

"ఒక్క మాట చెప్పకపోయావా?"

"రాసిచ్చా గదా అనుకున్నా."

కాలేషా తూము వైపు చూశాడు. తలుపు సగంలో ఇరుక్కుని ఉంది, దాని కింద గోనెసంచి కుక్కి ఉంది.

"ఆ గోతం ఎవురు కుక్కారు?"

"నేనే. కారతా ఉంటే. ఇప్పుడేమో ఎత్తుదామంటే లేవట్లా. పొద్దుట్నుంచి చూస్తన్నా."

"గోతం కుక్కితే గాడిలో మట్టి చేరుద్ది. తలుపెట్టా లెగుద్ది?"

కాలేషా లుంగీ ఎగగట్టాడు. ఆయనకు అరవై ఏడేళ్లు. గోడ పట్టుకుని మెల్లగా కాలువలోకి దిగాడు. రొమ్ము దాకా నీళ్లు. గోతం పీకి గట్టు మీదకు విసిరాడు. చెయ్యి లోపలికి పెట్టి గాడిలో ఒండ్రు దోసిళ్లతో తీస్తున్నాడు. పూర్ణయ్య పైన పిడి పట్టుకుని నిలుచున్నాడు. సాయం చేయనా అని ఈయన అనలేదు, చెయ్యమని ఆయనా అడగలేదు.

హసీనా అడిగిన ప్రశ్నకు కాలేషా ఇంటికి వెళ్లి ఏం చెబుతాడో నాకు తెలియదు. ఆ పిల్ల పుస్తకంలో ఆ గొంతుకు పేరు లేదంటే నాకు ఆశ్చర్యం లేదు. నన్నడిగితే, ఒక మనిషి ఇంకో మనిషి పనిని ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని చూసినప్పుడు వచ్చే గొంతు అది. నా ఒంటి మీద ఉన్నదీ అదే, ఇప్పుడు కాలువలో ఒండ్రు తీస్తున్నదీ అదే.

నీళ్లలోంచి మాట వచ్చింది.

"ఇయ్యాల వంతెవురిది?"

"నాది" అన్నాడు పూర్ణయ్య.

"అయితే ఎత్తు."

పూర్ణయ్య పిడి తిప్పాడు. తలుపు లేచింది. నేనున్న గోడ కిందుగా నీళ్లు ఆయన చేలోకి పోసాగాయి.